ఎడమ వైపు కార్పెట్ కింద నీళ్ళు: కొత్త రూపు కారులో ఒక కేసు

ఈ కేసులోని బండి అయిదు సీట్ల కారు. పెట్రోల్ టర్బో ఇంజను, ఆటోమేటిక్ గేరు, ఆరు ఎయిర్‌బ్యాగులు, కప్పులో సగానికి పైగా అద్దమే అయిన సన్‌రూఫ్. ఏళ్ళ తరబడి అదే పేరుతో అమ్ముడుపోయిన మోడల్‌ను కంపెనీ లోపలా బయటా మార్చి కొత్తగా దింపింది. అలా దింపిన మొదటి నెలల్లో తయారైన బండి ఇది. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. యజమానికీ వాళ్ళకీ మధ్య వారంటీ వ్యవహారం ఇంకా తెగలేదు. పైగా ఇలాంటి లోపం ఏ కంపెనీ కొత్త మోడల్‌లోనైనా రావచ్చు.

యజమాని సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. నా కార్ల మరమ్మతు షెడ్డు అదే కొరాపుట్ జిల్లాలోని జయపురంలో. కొరాపుట్ ప్రాంతం 1936లో ఒడిశాలో చేరేవరకూ విశాఖపట్నం జిల్లాలో భాగమే కాబట్టి, పెళ్ళి బట్టలకైనా పెద్దాసుపత్రికైనా కొత్త కారుకైనా ఇక్కడి తెలుగువాళ్ళం భువనేశ్వర్ వైపు కాక విశాఖ వైపే చూస్తాం. ఈ కారునూ అక్కడే కొన్నారు. అంటే ఏ చిన్న ఫిర్యాదుకైనా 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి ఘాట్, సాలూరు దాటుకుంటూ దాదాపు రెండు వందల కిలోమీటర్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఈ దూరం కేసులో చాలా పాత్ర పోషించింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు బండిని చూసిన చోటు వేరు, బండి బతుకుతున్న చోటు వేరు.

ఫిర్యాదు మొదలైనప్పుడు అందులో నీటి ప్రస్తావనే లేదు. వానలు పడ్డ కొత్తలో, పక్క సీట్లో ఎవరూ లేకపోయినా సీటు బెల్టు పెట్టుకోమని బండి గోల చేయడం మొదలుపెట్టింది. తర్వాత ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగింది. ఆ తర్వాత కొన్ని ఉదయాలు రిమోట్‌తో తలుపులు తెరుచుకోలేదు. ఒకరోజు ఇగ్నిషన్ ఆపేశాక కూడా వైపర్లు ఆడాయట. ఇలాంటి జాబితా చూసిన ఎవరికైనా ఎలక్ట్రానిక్స్ మీదే అనుమానం పోతుంది. సర్వీస్ సెంటర్ వాళ్ళూ అలాగే నడిచారు. మొదటిసారి సీటు కింది సెన్సరు మార్చారు. రెండోసారి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించారు. మూడోసారి తలుపులు, దీపాలు, వైపర్లు అన్నిటినీ నడిపే బాడీ కంట్రోల్ యూనిట్‌నే మార్చేశారు. మూడుసార్లూ బండి బాగైంది. మూడుసార్లూ ఇంటికొచ్చి నాలుగు వానలు తిన్నాక మళ్ళీ మొదటికొచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఎడమ వైపు కార్పెట్ తడిగా ఉందని పెద్దాయనే చూపించారు. తడి గొడుగు పెట్టి ఉంటారనో, ఏసీ నీళ్ళనో చెప్పి, పైపైన ఆరబెట్టి, బండిని షవర్ కింద నిలబెట్టి పరీక్ష చేశారు. లోపలికి చుక్క రాలేదు. "నీరు కారడం లేదు" అని జాబ్ కార్డులో రాసి ఇచ్చారు. అది అబద్ధం కాదు, వాళ్ళ నేల మీద నిజంగానే కారలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు బండి ఏడు వేల కిలోమీటర్ల లోపే తిరిగింది. పెద్దాయన బండితో పాటు ఒక నోటు పుస్తకం కూడా తెచ్చారు. ఇంజన్ల పరీక్షా విభాగంలో పనిచేసినవాళ్ళకు ఈ అలవాటు పోదు. తేదీ, వాన పడిందా, ఏ దీపం వెలిగింది అనే గళ్ళు సరే, చివర "ఎక్కడ నిలిపాను" అని ఇంకో గడి ఉంది. విశాఖలో కూతురి ఇంటి దగ్గర బండి రెండు రాత్రులు కుండపోత వానలో ఆరుబయట నానింది. ఒక్క దీపం వెలగలేదు. సునాబెడ ఇంట్లో మాత్రం రాత్రి మోస్తరు వాన పడినా, మర్నాడో ఆ మర్నాడో గోల మొదలయ్యేది. బండి నమోదు చేసుకున్న లోపాల కోడ్లు చదివే స్కానర్ నేను పెట్టకముందే సగం కేసు ఆ గడిలో తేలిపోయింది.

"బాబాయి గారూ, ఇంట్లో బండి ఎలా నిలుపుతారు?" అని అడిగాను.

"గేటు మెరక, వరండా పల్లం బాబూ. ముక్కు వరండా వైపు పెడతాను. మా వాకిలి అంతా దిగుడే కదా" అన్నారు.

మా ప్రాంతంలో చదునైన వాకిలి ఉన్న ఇల్లు అదృష్టం. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, సునాబెడా ఆ పీఠభూమి మీదిదే. ఎటు చూసినా మెరకా పల్లమే. ఆయన వాకిట్లో కోణం కొలిచి చూస్తే బండి ముక్కు కిందికి 6 డిగ్రీలు, ఎడమ పక్కకి సుమారు 3 డిగ్రీలు వాలుతోంది. అంటే కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ ముందు ఎడమ మూలకే చేరతాయి.

స్కానర్ పెడితే బి, యు అక్షరాలతో మొదలయ్యే కోడ్లు కనిపించాయి. బి అంటే బాడీ, యు అంటే యూనిట్ల మధ్య సంభాషణ తెగడం. యూనిట్లన్నీ మాట్లాడుకునే రెండు మెలిక తీగల మధ్య, బ్యాటరీ విప్పి కొలిస్తే, 60 ఓములు రావాలి. రెండు చివర్లా ఉన్న 120 ఓముల రెసిస్టర్లు సమాంతరంగా కలిసి ఇచ్చే లెక్క అది. సరిగ్గా వచ్చింది. బండి పొడిగా ఉన్నప్పుడు ఎలక్ట్రానిక్స్ ఆరోగ్యంగానే ఉన్నాయి. అందుకే సర్వీస్ సెంటర్‌లో ఆరాక ప్రతిసారీ కొత్త భాగం పనిచేసినట్టు కనిపించింది.

కార్పెట్ ఎత్తితే అసలు సంగతి బయటపడింది. పైన ముట్టుకుంటే చెమ్మ మాత్రమే. కింద రెండు వేళ్ళ మందాన ఉన్న ఫోము నొక్కితే నీరు పైకి ఉబికింది. ఈ ఫోము లీటర్ల కొద్దీ నీళ్ళు పట్టి ఉంచుతుంది. పైన హీటరు పెట్టి ఆరబెడితే పై బట్ట ఆరుతుంది తప్ప కిందిది ఆరదు. వాసన చూస్తే ముక్కిన వాసనే, ఇంజన్ని చల్లబరిచే కూలెంటు తీపి వాసన లేదు, వేలికి జిడ్డు అంటలేదు. కాబట్టి ఆ కూలెంటు పారే హీటరు కోరు కారణం కాదు. ఏసీ నీళ్ళయితే ఏసీ వేసినప్పుడు రావాలి, స్వచ్ఛంగా ఉండాలి. ఇవి ఎర్రగా ఉన్నాయి.

ఆ ఎరుపే దారి చూపింది. మా రోడ్ల ఎర్రమట్టి ధూళి కప్పు మీద పేరుకుంటుంది, వాన నీరు దాన్ని కడుక్కుంటూ వస్తుంది. ముందు ఎడమ తలుపు దగ్గర, కాళ్ళ పక్కన ఉండే ప్లాస్టిక్ పలక విప్పి టార్చి వేస్తే, లోపలి తెల్లటి ఇనుము మీద పై నుంచి కిందికి సన్నటి ఎర్ర చార ఎండిపోయి కనిపించింది. వెడల్పు పెన్సిలంత. ఒకచోట అది వైర్ల కట్ట మీదికి ఎక్కి, కట్ట వెంటే జారి, బాడీ కంట్రోల్ యూనిట్‌కు వెళ్ళే పెద్ద ప్లగ్గు దగ్గర ఆగింది. ప్లగ్గు విప్పితే వైర్ల వైపున్న పిన్నుల్లో మూడింటికి పచ్చటి చిలుము. యూనిట్‌ను మార్చినవాళ్ళు పాత ప్లగ్గులోనే కొత్త యూనిట్‌ను గుచ్చారు. చిలుము పట్టిన సగం బండిలోనే ఉండిపోయింది, శుభ్రంగా ఉన్న సగం పెట్టెలో పెట్టి కంపెనీకి పంపారు. నాకు ఈ కేసు మొత్తంలో కోపం తెప్పించింది ఇదొక్కటే. ప్లగ్గు రెండు వైపులా చూడడానికి స్కానర్ అక్కర్లేదు, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు, కళ్ళు చాలు.

నీరు పైనుంచే వస్తోందని తేలింది కానీ, పైన ఎక్కడి నుంచి? అనుమానితులు నాలుగు. ముందు అద్దం అంటించిన బంక, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, వైపర్ల కింద జాలీ దగ్గరి అతుకు, సన్‌రూఫ్. లోపల బ్లోయరు పూర్తి వేగంతో పెట్టి, బయట అద్దం అంచుల మీద సబ్బు నీళ్ళు రాస్తే ఎక్కడా బుడగ రాలేదు. బీడింగ్ మధ్య కాగితం పెట్టి తలుపు వేసి లాగితే అన్నిచోట్లా బిగువుగానే వచ్చింది. జాలీ దగ్గర పైపుతో నీళ్ళు పోస్తే కిందికే పోయాయి.

సన్‌రూఫ్ గురించి చాలామంది యజమానులకు తెలియని విషయం ఒకటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపడానికి కాదు. రబ్బరు దాటి వచ్చే నీటిని పట్టడానికి అద్దం చుట్టూ కాలువ లాంటి పళ్ళెం ఉంటుంది. దాని నాలుగు మూలల్లో నాలుగు గొట్టాలు. ముందువి రెండూ ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ల లోపలి నుంచి దిగి బండి కింద బయటపడతాయి, వెనకవి వెనక పిల్లర్ల నుంచి. గొట్టాలు తెరిచి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పాత బండ్లలో ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతాయి. ఏడు వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో అలా మూసుకుపోవడం అరుదు.

చదును నేల మీద ముందు ఎడమ మూలలో అర లీటరు నీళ్ళు మెల్లగా పోశాను. దాదాపు అన్నీ తలుపు బందు దగ్గర కింద బయటికొచ్చాయి, లోపల పొడి. అప్పుడు వెనక చక్రాలను ర్యాంపు మీదికి ఎక్కించి, కుడి చక్రాల కింద చెక్కలు పెట్టి, పెద్దాయన వాకిలి వాలును షెడ్డులోనే తయారుచేశాను. అవే అర లీటరు, అదే మూల. ఈసారి కింద సన్నటి ధార, లోపల కాళ్ళ దగ్గర టపటపా చుక్కలు. పెద్దాయన పక్కనే నిలబడి ఫోనులో వీడియో తీశారు. ముప్పై అయిదేళ్ళు ఇంజన్లను పరీక్షించిన మనిషి, ఒక్క మాట మాట్లాడకుండా పుస్తకం తీసి రాసుకున్నారు.

తర్వాత పిల్లర్ మీది ప్లాస్టిక్ తీయాలి. పక్క అద్దాల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడ ఉంటుంది కాబట్టి బ్యాటరీ విప్పి, కాసేపు ఆగి, అప్పుడే చెయ్యి పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పసుపు ప్లగ్గుల మీద మల్టీమీటరు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఆ ప్లాస్టిక్‌ను పట్టే క్లిప్పులు చాలా బండ్లలో ఒకసారి తీస్తే మళ్ళీ వాడకూడనివి. ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు ప్లాస్టిక్ ఎగిరి మొహానికి తగలకుండా ఆపేవి అవే. కొత్తవి తెప్పించాకే పని మొదలుపెట్టాను.

పళ్ళేనికి ఉన్న మూతి మీద గొట్టం పూర్తిగా తొడిగి ఉండాలి. సగమే ఉంది. ఎవరో తొడగడం మరిచిపోలేదు, అది జారింది. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ను పట్టే ఇనుప బ్రాకెట్టు అంచు సరిగ్గా గొట్టం దారిలోకి వస్తోంది. గొట్టం ఆ అంచును చుట్టి వెళ్ళాలి, కానీ అంత పొడవు దానికి లేదు. నెమ్మదిగా లాగుకుంటూ లాగుకుంటూ మూతి నుంచి జారింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి శరీరం మెలి తిరిగే ప్రతిసారీ ఇంకొంచెం జారి ఉంటుంది. నీళ్ళు తక్కువగా వస్తే సగం తొడిగిన గొట్టమూ తీసుకుపోతుంది. కప్పు నీరంతా ఒకే మూలకు చేరితే అతుకు దగ్గర పొంగి పిల్లర్ లోపలికి పడుతుంది.

పాత మోడల్ ఎలా ఉండేదో చూడాలనిపించింది. జయపురంలో టాక్సీ నడిపే కుర్రాడి దగ్గర అదే పేరుతో పాత బండి ఉంది. దాని పిల్లర్ విప్పితే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ లేదు. గొట్టం తిన్నగా దిగుతోంది. పొడవు, మందం, రబ్బరు మీద అచ్చయిన గుర్తులు, అన్నీ కొత్త బండిలో ఉన్న గొట్టంతో సమానం. అంటే బండిని కొత్తగా గీశారు, పిల్లర్‌లోకి కొత్త భాగం తెచ్చారు, కానీ గొట్టం పాతదే తెచ్చి తగిలించారు.

కొత్త రూపు బండ్లలో మొదటి ఏడాది నేను చూసే సమస్యల్లో ఎక్కువ భాగం ఈ తరహావే. పూర్తిగా కొత్త భాగం మీద ఇంజనీర్లు రాత్రింబవళ్ళు కూర్చుంటారు. పాత భాగం ఎలాగూ ఏళ్ళుగా పనిచేస్తోంది కదా అని దాన్ని ఎవరూ మళ్ళీ చూడరు. కొత్తదీ పాతదీ కలిసే చోట లోపం పుడుతుంది. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను 2023లో ప్రభుత్వం వదులుకుంది. అయినా అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, కార్లను గుద్దించి పరీక్షించి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పథకం అమల్లోకి వచ్చింది. స్టార్లు లేకపోతే కారు అమ్ముడుపోదని కంపెనీలే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు పెట్టడం మొదలుపెట్టాయి. మంచి పనే, ఆ ఎయిర్‌బ్యాగ్ వల్ల మా ఘాట్లలో ప్రాణాలు దక్కుతాయి. కానీ ఒకప్పుడు ఖాళీగా ఉన్న పిల్లర్‌లో ఇప్పుడు జాగా లేదన్న సంగతి గొట్టం తయారుచేసేవాడికీ తెలియాలి.

బండి కట్టుబడి గురించి మిగతా మాటలు క్లుప్తంగా చెబుతాను. ఎడమ ముందు తలుపుకీ ఫెండరుకీ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంది. బానెట్ కుడివైపు కాస్త పైకి లేచింది. పెయింటు మందం కొలిస్తే అన్నిచోట్లా దాదాపు వంద మైక్రాన్లు, అంటే డెలివరీకి ముందు ఎక్కడా సొట్టలు తీసి మళ్ళీ పెయింటు వేయలేదు. హెడ్‌లైట్ లోపల పల్చటి ఆవిరి పట్టి, దీపం వేస్తే పోతోంది, అది మామూలే. చుక్కలు కట్టి నిలిస్తే లోపం. డ్యాష్‌బోర్డు కింద ఒకచోట వైర్ల కట్టకు టేపు చుట్టకుండా వదిలేశారు, అది పెడల్ బ్రాకెట్టుకు రాసుకుంటోంది. సందులు సమంగా లేకపోవడం చూసి కొనేవాళ్ళు బెంబేలెత్తుతారు, వీడియోలు పెడతారు. నా లెక్కలో అది కంటికి మాత్రమే బాధ. టేపు చుట్టని వైర్ల కట్ట ఎవరికీ కనిపించదు, అది రెండేళ్ళ తర్వాత బండిని రోడ్డు మధ్యలో ఆపుతుంది. కట్టుబడి ఎలా ఉందో తెలియాలంటే తలుపు వేసిన చప్పుడు వినడం కంటే కార్పెట్ మూల ఎత్తి చూడడం మేలు.

మరమ్మతు నేను చేయలేదు. బండి వారంటీలో ఉంది. ఎయిర్‌బ్యాగ్ పక్కన బయటి షెడ్డువాడు చెయ్యి పెట్టాడన్న సాకు దొరికితే రేపు వాళ్ళు దేనికైనా అదే చూపిస్తారు. అన్నీ ఫోటోలు తీసి, గొట్టాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలి, వాలు కోణాలతో సహా ఒక కాగితం రాసి ఇచ్చాను. పెద్దాయన దాన్ని నోటు పుస్తకం నకళ్ళతో, వీడియోతో కలిపి సర్వీస్ సెంటర్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నారు.

వాళ్ళు మొదట చేసిన పని గొట్టాన్ని మళ్ళీ మూతి మీదికి నొక్కి పంపడం. బండి సుంకి ఘాట్ ఎక్కి ఇంటికొచ్చింది. పది పదిహేను రోజుల్లో మళ్ళీ చెమ్మ. బిగువు తగ్గించకుండా నొక్కితే ఏమవుతుందో అదే అయింది. రెండోసారి కంపెనీ ఇంజనీరు స్వయంగా వచ్చి చూశారట. కొంచెం పొడవైన గొట్టం వేసి, దాన్ని బ్రాకెట్టు వెనక నుంచి తిప్పి, మూతి దగ్గర క్లిప్పు బిగించారు. అది సరైన పని. అతుక్కి సిలికాన్ పూసి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, ఎందుకంటే లోపలికి పిండిన సిలికాన్ ఇంకో ఏడాదికి అదే గొట్టాన్ని మూసేస్తుంది. చిలుము పట్టిన ప్లగ్గు వైర్ల వైపు పిన్నులు మార్చారు. సీటు కింది పసుపు ప్లగ్గునూ మార్చారు. అక్కడ చిలుము వల్ల పెరిగిన నిరోధమే ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని వెలిగించింది.

ఆ తర్వాతి వానాకాలంలో బండిని అదే వాకిట్లో, ముక్కు వరండా వైపే నిలిపారు. పుస్తకంలో గళ్ళన్నీ ఖాళీ. నేనూ కార్పెట్ మూల ఎత్తి చూశాను, కింద పొడిగా ఉంది. రాత్రి బండి నిద్రపోయాక బ్యాటరీ నుంచి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉంది.

తెగని విషయాలు రెండు. ఫోము మార్చమని ఆయన అడుగుతున్నారు, ఆరబెట్టాం కదా అని వాళ్ళంటున్నారు. నా అభిప్రాయం ఆయన వైపే. నెలల తరబడి నానిన ఫోములో బూజు పోదు, ఎండ పడినప్పుడల్లా వాసన తిరిగి వస్తోంది. రెండోది, జాబ్ కార్డులో కారణం రాయమంటే "కస్టమర్ కోరికపై గొట్టం సర్దుబాటు" అని రాశారు. ఇది చిన్న విషయం కాదు. ఆ వాక్యం ప్రకారం బండిలో లోపం లేనట్టే. రేపు వారంటీ అయిపోయాక ఇదే మళ్ళీ వస్తే ఆయన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఇలాంటి మొదటి నెలల బండి ఉన్నవాళ్ళు తమ ఛాసిస్ నంబరు చెప్పి, దాని మీద పెండింగు పని ఏదైనా ఉందా అని సర్వీస్ సెంటర్‌ను నోటితో కాక ఈమెయిల్‌లో అడగాలి. కంపెనీలు చాలా దిద్దుబాట్లను ప్రకటించవు. తయారీలో నిశ్శబ్దంగా మార్చి, పాత బండ్ల సంగతి డీలర్లకు పంపే కాగితాల్లో మాత్రమే రాస్తాయి. అడిగినవాళ్ళకు చేస్తారు, అడగనివాళ్ళకు చెప్పరు. భద్రతకు సంబంధించిన లోపమైతే 2021 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల నియమాల్లో రీకాల్ ఏర్పాటు ఉంది. ఏడేళ్ళ లోపు బండి యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకే లోపం మీద ఫిర్యాదులు తగినన్ని చేరితే ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించగలదు. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు తడిసిన కేసు కాబట్టి పెద్దాయన అక్కడ నమోదు చేశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, బండి కొన్నది విశాఖలోనైనా, తాను ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే వీలుంది. ఘాట్ దిగనక్కర్లేదు. దానికి ముందు పంపే నోటీసు ఇప్పుడు రాస్తున్నారు. నా కాగితం, వీడియో, ఆ జాబ్ కార్డు నకలు జత చేస్తున్నారు.